65వ నంబరు రహదారి వెంట అత్తయ్యతో

పోయిన ఏడాది ఒక ప్రకృతి వైద్య రిసార్ట్‌లో ఉండగా మా అత్తయ్యకు షుగర్ 58కి పడిపోయింది. గది చక్కగా ఉంది, తోట బాగుంది, పనివాళ్లు ఎంతో మర్యాదగా ఉన్నారు. కానీ వెళ్లిన మర్నాడే రసాల ఉపవాసం మొదలుపెట్టారు. ఆవిడ పొద్దున్నే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటారా లేదా అని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాలని మాకూ తోచలేదు. పదకొండింటికి చెమటలు, వణుకు. నా సంచిలో గ్లూకోమీటర్ ఉండబట్టి సంగతి తెలిసింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంట తర్వాత చూస్తే 84. మనం తిండి తగ్గించామని మాత్రకు తెలియదు కదా, అది రోజూలాగే షుగర్‌ను దించుతూ పోతుంది. ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

అందుకే ఈ జనవరిలో అత్తయ్య మళ్లీ "మోకాళ్లకు ఏదో ఒకటి చెయ్యాలమ్మా, మాత్రలు మాత్రం మానను" అన్నప్పుడు నేను గదుల ఫొటోలు చూడటం మానేశాను. ముందు ఫోన్ చేసి "షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆహారం ఎలా ఇస్తారు?" అని అడగడం మొదలుపెట్టాను. రెండు చోట్ల "ఇక్కడికి వస్తే మాత్రల అవసరమే ఉండదు" అన్నారు. ఆ రెండూ కొట్టేశాను. చివరికి పుణె దగ్గరున్న ఉరుళి కాంచన్ నిసర్గోపచార (ప్రకృతి వైద్య) ఆశ్రమం అనుకున్నాం.

హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఉరుళి మీదుగానే పోతుంది. రైల్లో వెళ్తే పుణె, దౌండ్ మధ్య ఉరుళి స్టేషన్ ఉంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను ఎక్కించి దించడం కష్టమని మేము కారులో వెళ్లాం. రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయించాం. తొందర ఉన్నవాళ్లకు ఒక రోజు ప్రయాణం, మేము రెండు రోజులు పెట్టుకున్నాం.

మొదటి మజిలీ జహీరాబాద్. ఇక్కడి పల్లెల్లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఎక్కువగా దళిత కుటుంబాల ఆడవాళ్లు సంఘాలు పెట్టుకుని పాత పంటల విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నారు. 2019లో వీళ్ల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఒక ఊళ్లో ఆ బండ్లు మాకు ఎదురయ్యాయి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది ఒక్కోటీ ఒక్కో బుట్టలో. అత్తయ్య బండి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. చిన్నప్పుడు తమ ఇంట్లో ఉన్నవన్నీ వేలుపెట్టి చూపిస్తుంటే ఆవిడ మోకాళ్ల సంగతి నేనూ మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నం భోజనానికి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, నువ్వుల పొడి. రుచి అద్భుతం. అత్తయ్య నాలుగు రొట్టెలు తిన్నారు. రెండు గంటల తర్వాత మీటర్ 231 చూపించింది. మర్నాడు సోలాపూర్‌లో ఒక్క కడక్ జొన్నరొట్టె, ఎక్కువ కూర, కాస్త వేరుశనగ చట్నీ తింటే 172. ధాన్యం అదే, తేడా ఎక్కువగా పరిమాణంలోనే. చిరుధాన్యాలకు షుగర్ పెరగదన్న మాట విని ఎంతైనా తినేవాళ్లకు ఇది చెప్పాలనిపించింది. రాగులు కూడా అంతే. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న మంచి ధాన్యమే, కానీ మెత్తటి పిండితో జావ కాచి తాగితే త్వరగా అరిగి షుగర్ త్వరగా పెరుగుతుంది.

సోలాపూర్‌లో రాత్రి బసకు నేను చూసినవి రెండే: లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్. రెండూ దొరికాయి. ఊరు దాటాక రోడ్డు పక్కన లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, గింజలు రాల్చి ఇస్తున్నారు. వాళ్లు హుర్డా అంటారు. నోట్లో వేసుకోగానే అత్తయ్య "ఇది మన ఊచబియ్యమే కదమ్మా!" అన్నారు.

ఉరుళి కాంచన్‌కు గాంధీజీ 1946 మార్చిలో వచ్చారు. అంతకుముందు పుణెలో డాక్టర్ దిన్షా మెహతా ప్రకృతి వైద్యశాలలో ఉండేవారు. ఈ వైద్యం పల్లెటూరి పేదలకు అందాలని ఇక్కడ మొదలుపెట్టి, కొద్ది రోజులు స్వయంగా రోగులను చూశారు. తర్వాత ఆ బాధ్యత గాంధీజీ శిష్యుడు మణిభాయి దేశాయ్ మోశారు. మన తెలుగువాళ్లకు ఈ వైద్యంతో ఇంకా పాత బంధం ఉంది. తొట్టి స్నానాలను ప్రచారం చేసిన జర్మన్ లూయీ కూనే రచనను 1894 ప్రాంతంలోనే వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి అదే తొలి అడుగు అంటారు.

మేము పది రోజులున్నాం. మొదటి రోజు డాక్టర్ ముప్పావుగంట అడుగుతూనే ఉన్నారు. ఏ మాత్ర, ఎన్ని గంటలకు, కళ్ల పరీక్ష ఎప్పుడు చేయించారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు. హైదరాబాద్‌లోని మా డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, మాత్ర మోతాదు ఎంత తగ్గించాలో తేల్చుకున్నాకే ఆహారం తగ్గించారు. నాకు సగం టెన్షన్ అక్కడే తీరిపోయింది.

పొట్ట మీద తడి మట్టి పట్టీ, కాళ్లు బయట పెట్టి నడుము వరకు చన్నీళ్ల తొట్టిలో కూర్చునే కటిస్నానం, ఆవిరి. చలికి పొద్దున్నే కటిస్నానం తట్టుకోలేనని అత్తయ్య అంటే మధ్యాహ్నానికి మార్చారు. మోకాళ్లకు వేడి కాపడం పెట్టినప్పుడు హాయిగా ఉండేది కానీ సాయంత్రానికి నొప్పి తిరిగొచ్చేది. నిజంగా పనికొచ్చింది కుర్చీలో కూర్చుని కాలు చాపి పది అంకెలు లెక్కపెట్టే వ్యాయామం. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందట. ఆరో రోజు నుంచి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచారు.

గది సాదాగా ఉంది, మాకు అది చాలు. మాటలకు హిందీ సరిపోయింది. చలికాలంలో వెళ్లాలంటే గది ముందుగానే మాట్లాడుకోండి, మేము నెల ముందు అడిగాం. శాలువా, మేజోళ్లు తప్పకుండా పెట్టుకోండి. గ్లూకోమీటర్, పంచదార పొట్లం సరేసరి.

పరగడుపు షుగర్ 168 నుంచి 124కి వచ్చింది. బరువు రెండున్నర కిలోలు తగ్గింది, అందులో నీరు కూడా ఉంటుందని డాక్టరే చెప్పారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పది రోజుల్లో పెద్దగా మారదు కాబట్టి, ఏప్రిల్‌లో చేయించాం. 8.4 ఉన్నది 7.6 అయింది. ఇంటికొచ్చాక మట్టి పట్టీ నాలుగు రోజులు వేసి మానేశాం. రాత్రి భోజనం ఏడింటికి, రెండు రొట్టెలు, కాళ్ల వ్యాయామం మాత్రం నిలిచాయి. మాత్రల చీటీ ఒకటి అత్తయ్య పర్సులో, దాని ఫొటో నా ఫోన్లో ఎప్పుడూ ఉంటున్నాయి.