పాత రౌటర్: అలాగే వాడాలా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయాలా, మార్చేయాలా?

"మా ఇంట్లో పాత టీపీ-లింక్ ఉంది. అప్‌డేట్లు ఆగిపోయాయి. పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోదా?" ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. రౌటర్ సెట్టింగుల పేజీలోని గడిలో మామూలు సమాచారం బదులు ఆదేశం రాసి, దాన్ని రౌటర్ చేతే నడిపించేయడాన్ని కమాండ్ ఇంజెక్షన్ అంటారు. ఇక నేరుగా విషయానికి వస్తాను.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగులు మార్చే వీలు) ఆపేసి అదే రౌటర్‌తో నెట్టుకురావడం అందరికీ నచ్చే దారి, ఎందుకంటే ఖర్చు లేదు. పైకి సబబుగానే కనిపిస్తుంది. ఆర్చర్ సీ7, డబ్ల్యూఆర్841ఎన్ రౌటర్లలో బయటపడ్డ సీవీఈ-2025-9377 (భద్రతా లోపాలకి ఇచ్చే గుర్తింపు నంబర్) అలాంటి లోపమే, అది పేరెంటల్ కంట్రోల్ పేజీలో ఉంది. ఆ పేజీ దాకా వెళ్లాలంటే ముందు లాగిన్ అవ్వాలి. మరి పాస్‌వర్డ్ మారిస్తే సేఫే కదా?

కాదు. క్వాడ్7 బాట్‌నెట్ (దొంగచాటుగా చేజిక్కించుకున్న పరికరాల దండు) నడిపేవాళ్లు 841ఎన్ మీద రెండు లోపాలను జతచేశారు. మొదటిదానితో లాగిన్ లేకుండానే రౌటర్‌లోని ఫైల్ చదివి పాస్‌వర్డ్ లాగేశారు, దాంతో దర్జాగా లోపలికి వెళ్లి రెండోది వాడారు. మీది 'అడ్మిన్' అయినా, ఇరవై అక్షరాలదైనా వాళ్లకి ఒకటే. అలా చిక్కిన ఇళ్ల రౌటర్ల మీదుగా మైక్రోసాఫ్ట్ 365 ఖాతాల పాస్‌వర్డ్‌లు ఊహించి ప్రయత్నించారు. ఇంట్లో మాత్రం నెట్ మామూలుగానే వస్తూంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఆ మోడళ్ల కాలం తీరిపోయినా టీపీ-లింక్ 2024 నవంబర్‌లో వాటిని సరిచేసే ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ప్రతిసారీ అలా ఇస్తారని నమ్మకం పెట్టుకోలేం. 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో సీవీఈ-2023-33538ని చేర్చింది. 740ఎన్, 841ఎన్, 940ఎన్‌లలోని కొన్ని పాత వెర్షన్లలో వైఫై పేరు పెట్టే గడిలోనే ఉందది. అందుకే నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: వచ్చే ఏడు ఇంకో లోపం బయటపడితే దాన్ని సరిచేసేది ఎవరు? జవాబు లేని రౌటర్‌ని ఎన్ని సెట్టింగులు మార్చినా నేను నమ్మను.

కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు వేసుకునే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దగ్గర ఈ ప్రశ్నకి జవాబుంది. కంపెనీ వదిలేసిన హార్డ్‌వేర్‌కి కూడా అక్కడ కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. ఆర్చర్ సీ7 వెర్షన్ 2 అయితే 16 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే చోటు), 128 ఎంబీ ర్యామ్ ఉంటాయి, హాయిగా నడుస్తుంది. వెర్షన్ 1 అయితే 5 గిగాహెర్ట్జ్ వైఫై పనిచేయదు, కాబట్టి ముందు రౌటర్ కింద స్టిక్కర్ చూడండి. 841ఎన్ వెర్షన్లలో చాలావాటికి ఉన్నది 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామే. ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అందులో పట్టదు. ఎప్పటిదో పాత వెర్షన్ వెతికి ఎక్కించేవాళ్లు ఉన్నారు. దానికీ అప్‌డేట్లు రావు కాబట్టి మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఇంకో మాట, అప్‌డేట్లు వాటంతటవే పడవు, మీరే వేసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి మాత్రం వద్దు.

ఫైబర్ వాళ్లిచ్చిన బాక్స్‌లోనే వైఫై ఉండి, ఇల్లంతా సిగ్నల్ వస్తుంటే పాతది తీసి పక్కన పెట్టండి. దాన్ని ఆక్సెస్ పాయింట్‌గా (ఆ బాక్స్ వెనక వైఫై మాత్రమే ఇచ్చేదిగా) మారిస్తే బయటికి నేరుగా కనిపించదు, కానీ లోపం లోపలే ఉంటుంది. అప్పుడప్పుడు రీస్టార్ట్ చేస్తే మెమరీలో మాత్రమే ఉండే మాల్‌వేర్ పోతుంది, మళ్లీ వస్తుంది కూడా.

ఇక కొత్తది కొనడం. కొత్తది కాబట్టి లోపాలు ఉండవనుకోవద్దు. ఆర్చర్ ఏఎక్స్21లోని సీవీఈ-2023-1389కి అసలు లాగిన్ అక్కర్లేదు, కమాండ్ నేరుగా రూట్ అధికారంతో, అంటే రౌటర్ మీద పూర్తి పట్టుతో నడిచేది. 2023 మార్చికల్లా ఫర్మ్‌వేర్ వచ్చింది. ఏప్రిల్‌లో మిరాయ్ అనే ఇంకో బాట్‌నెట్ పట్టుకున్నది దాన్ని వేసుకోనివాళ్లని. కాబట్టి యాంటెనాలు లెక్కపెట్టే ముందు ఆటోమేటిక్ అప్‌డేట్ ఉందా, అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారు అన్నవి చూడండి. రెండోది మన దగ్గర బాక్స్ మీద దొరకడం కష్టం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీలు చెప్పితీరాలని చట్టం ఉంది. అందుకే నేను ఆ కంపెనీ బ్రిటన్ సైట్‌లో అదే మోడల్ తేదీ చూస్తాను. మన వేరియంట్‌కీ అదే వర్తిస్తుందన్న గ్యారంటీ లేదు గానీ, అంచనాకి పనికొస్తుంది.

740ఎన్, 841ఎన్ ఉన్నవాళ్లు మార్చేయండి, ఇంక ఆలోచించకండి. తీసేసింది "బానే పనిచేస్తోంది కదా" అని చుట్టాలకి ఇవ్వొద్దు. ఈ-వేస్ట్‌లో వేసే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మీ నెట్ కనెక్షన్ లాగిన్, వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోతాయి.