గొలుసు కంపెనీ, పాలసీలు, నారాయణపేట చీరలు: ఏది మేలు?

బతుకమ్మకు ఊరికి పోయినా, ఎవరింట్లో ఒడిబియ్యం పోస్తున్నా, ఎవరో ఒకరు నన్ను వంటింటి వైపు పిలిచి అదే మాట అడుగుతారు. "అక్కా, చేతిల ముప్పైవేలున్నయి. పగటిపూట ఖాళీనే ఉంటున్న. గా కంపెనీల ఐడీ తీసుకోమంటున్నరు. తీసుకోవాల్నా?" పోయిన నెలలోనే ముగ్గురు అడిగారు.

నన్నే ఎందుకు అడుగుతారంటే, 2017లో నేను అలాంటి గొలుసు కంపెనీలోనే, అంటే సరుకు అమ్ముతూ మన కింద ఇంకొందరిని చేర్పించే కంపెనీలోనే, ఐడీ (సభ్యత్వం నంబరు) తీసుకొని పద్నాలుగు నెలలు తిరిగాను. మా అక్క భర్త జడ్చర్లలో ఎల్‌ఐసీ ఏజెంటు. నేనిప్పుడు మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే చీరలు అమ్ముతున్నాను. ఇద్దరు నలుగురవుతారు, నలుగురు ఎనిమిదిమందవుతారు అని బోర్డు మీద గీసే గుండ్రాల గురించి మళ్ళీ చెప్పను. మా ఊళ్ళో ఆ బొమ్మ చూడనివాళ్ళు లేరు.

కమీషన్ ఎంత, కారు ఎప్పుడొస్తుంది అని అందరూ అడుగుతారు. నేను అడిగేది వేరు. అమ్ముడుపోని సరుకు ఎవరింట్లో పడి ఉంటుంది?

మా ఇంట్లో అయితే సజ్జ మీద పడి ఉండేది. చేరినప్పుడు పన్నెండున్నర వేల ప్యాకేజీ తీసుకున్నాను. ప్రోటీన్ పౌడర్, షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్, ఏదో ఆకుల రసం. ఆ లిక్విడ్ మాత్రం నిజంగా మంచిదే, అబద్ధం చెప్పకూడదు. మొదటి రెండు నెలలు ఇరుగుపొరుగు మొహమాటానికి కొన్నారు. మూడో నెల నుంచి మీటింగుల్లో చెప్పని అసలు కథ మొదలయ్యింది. నెలాఖరు రాత్రి తొమ్మిదిన్నరకు అప్‌లైన్ సార్, అంటే గొలుసులో నా పైన ఉన్నాయన, ఫోను. "మేడం, క్లోజింగ్‌కు నలభై పాయింట్లు తక్కువున్నయి. మీ ఐడీ మీద పెట్టేయండి, వచ్చే నెల అమ్ముకుందురు. లేకుంటే యాక్టివ్ పోతది, కింద టీమ్ కమీషన్ కూడ రాదు." పాయింట్లంటే నెలలో కొన్న సరుకు లెక్క. రెండు డబ్బాలు నా పేరు మీదే కొని పెట్టేశాను. వచ్చే నెలాఖరుకు మళ్ళీ రెండు. అమ్ముతున్నానని అనుకుంటూ నేనే కొంటున్నాను.

మానేసినప్పుడు నోటు పుస్తకంలో లెక్క తీశాను. పెట్టింది 46,000. సరుకు అమ్మితే వచ్చింది 17,500. చేతికొచ్చిన కమీషన్ 6,200. ఎనిమిది వేల సరుకు మేమే వాడుకున్నాం. మిగతాది సజ్జ మీద. చాక్లెట్ రుచి పౌడర్ డబ్బా విప్పితే లోపల రాయిలా గడ్డకట్టింది, చెంచా వంగింది కానీ పొడి రాలేదు. మా అత్తమ్మ దాన్ని పారబోసి, డబ్బా కడిగి, ఎండబెట్టి కందిపప్పు పోసుకుంది. ఇప్పటికీ మా వంటింట్లో ఏడు డబ్బాల మీద కండలు తిరిగిన అదే మనిషి బొమ్మ ఉంటుంది. లోపల పప్పులు, చింతపండు.

ఇంతవరకు నా డబ్బు, నా తెలివి తక్కువతనం. కానీ నా కింద మా అచ్చంపేట చిన్నమ్మ కూతురు చేరింది. నేను మానేసిన నెలకే ఆ పిల్ల బస్సులో అట్టపెట్టె పట్టుకొని వచ్చింది. చాయ్ కూడా తాగలేదు. "అక్కా, గిది నీ మాట మీద తీసుకున్న, కంపెనీ మాట మీద కాదు" అంది. తొమ్మిది డబ్బాలు. వెనక్కు తీసుకోమని సార్‌కు ఫోన్ చేస్తే ముప్పై రోజులు దాటినయి మేడం అన్నాడు. డబ్బులు నేనే ఇచ్చాను, రెండు కంతుల్లో. గొలుసులో సరుకు పైనుంచి కిందికి వస్తుంది కదా, అమ్ముడుపోకపోతే మళ్ళీ పైకి ఎక్కుతుంది. కంపెనీ దాకా మాత్రం పోదు, మధ్యలో ఎవరో ఒక అక్క దగ్గర ఆగుతుంది.

ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా అని కొందరు అడుగుతారు. మనుషుల్ని చేర్పించినందుకే డబ్బు తిప్పే స్కీములను 1978 చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం సరుకు అమ్ముకోవడం తప్పు కాదు, మనుషుల్ని చేర్పించడం మీదే నడిచే పిరమిడ్ స్కీము తప్పు. కాగితం మీద తేడా స్పష్టంగానే ఉంది. నెలాఖరు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను వచ్చినప్పుడు ఆ తేడా కనబడదు. అయినా చేరతామనే వాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఏ ఐడీ లేకుండా నెల నెలా ఆ సరుకు కొనే మనిషిని ఒక్కరిని చూపించమని అడగండి. అది చూపించకుండా మళ్ళీ మీటింగుకు రమ్మంటే రానని చెప్పండి. మీటింగుల వల్ల నాకు ఒక లాభం ఉందని ఒప్పుకుంటాను. నలుగురిలో నిలబడి మాట్లాడే భయం పోయింది.

ఆ భయం పోవడం చీరలకు పనికొచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మరికల్ మీదుగా చేనేత చీరల ఊరు నారాయణపేట అరవై కిలోమీటర్లు ఉంటుందేమో. మొదటిసారి పద్దెనిమిది వేలు తీసుకుపోయి పద్నాలుగు చీరలు తెచ్చాను, కాటన్ కొన్ని, పట్టు నూలు కలిపి నేసే సీకో కొన్ని. గళ్ళ చీరకు పెద్ద అంచు, చూడగానే నారాయణపేట అని తెలిసిపోయేవి. అక్కడ మగ్గం మీద ఒకేసారి ఎనిమిది చీరల పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తారు. ఆ సంగతి తెలియక ఒకే పడుగు చీరలు నాలుగు తెచ్చాను, నాలుగూ పసుపువే. మా గల్లీలో ఒకామె కొనగానే రెండో ఆమె "గదే చీర నాకెందుకు వదినా" అంది.

మూడు చీరలు మిగిలాయి. తేడా ఇక్కడే తెలిసింది. వచ్చేసారి పోయినప్పుడు మడత విప్పని రెంటిని షాపాయన మార్చి ఇచ్చాడు, ఒక్క మాట అనలేదు. మూడోది మడత నలిగింది. దాన్ని మా ఆడబిడ్డకు ఒడిబియ్యంలో పెట్టాం. ఎట్లాగూ ఆ రోజు చీర కొనాల్సిందే కదా. అమ్ముడుపోని చీరకు పెళ్ళి, పేరంటం, చుట్టాలకు పెట్టే బట్టలు, చివరికి మన ఒళ్ళు, ఏదో ఒక దారి ఉంటుంది. గడువు తీరిన ఆకుల రసాన్ని ఎవరి ఒడిలో పోస్తాం?

చీరల్లో కష్టం లేదని కాదు. అసలు టెన్షన్ ఉద్దెర. టీచరమ్మలు ఒకటో తారీఖున ఇచ్చేస్తారు. మిగతావాళ్ళు దసరాకు తీసుకున్నది సంక్రాంతికి ఇస్తారు. నాకిప్పుడు బయట పదకొండు వేలు రావాలి. పవర్‌లూమ్ చీరను నారాయణపేట అని అంటగట్టేవాళ్ళు ఉంటారు, మొదట్లో నేను కూడా ఒకసారి మోసపోయాను. శ్రావణం నుంచి దసరా దాకా బేరం బాగుంటుంది, పెళ్ళిళ్ళు లేని నెలల్లో డబ్బంతా బీరువాలో మడతపెట్టి ఉంటుంది. నెలకు సగటున మూడు నాలుగు వేలు మిగులుతాయి. ఇంతేనా అంటే ఇంతే. ఏ స్టేజీ మీదా దీనికి చప్పట్లు కొట్టరు.

ఇక ఎల్‌ఐసీ. నా కొలతతో కొలిస్తే ఇదే ముందుండాలి, ఎందుకంటే సరుకే లేదు. పదో తరగతి చదివి, ట్రైనింగ్ చేసి, పరీక్ష రాస్తే చాలు, పెట్టుబడి దాదాపు శూన్యం. రైతు చనిపోతే ఎల్‌ఐసీ నుంచి ఇంటివాళ్ళకు డబ్బు వచ్చే రైతుబీమా వచ్చాక ఊళ్ళల్లో ఎల్‌ఐసీ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని కూడా పెద్దగా లేదు. అయిదు లక్షలు వచ్చిన ఇల్లు ప్రతి ఊళ్ళో ఒకటైనా ఉంటుంది. పాలసీ నడిచినన్నాళ్ళు కమీషన్ వస్తుంది. మా బావ ఇల్లు కట్టుకున్నది దాంతోనే.

మరి నేనెందుకు చేయలేదు? మా బావతో రెండు రోజులు బండి మీద తిరిగాను. మిగిలిన సరుకు ఇక్కడ కూడా ఉంటుంది, కాకపోతే మన సజ్జ మీద కాదు, కొన్నవాళ్ళ ట్రంకుపెట్టెలో. రెండు కంతులు కట్టి ఆపేసిన పాలసీలు. ప్రతి పెళ్ళిలో వాళ్ళు ఎదురుపడతారు. "మీ బాండ్ల పైసలు ఏమైనయి బావా?" అని నవ్వుతూనే అడుగుతారు. ఆయన నవ్వుతూనే జవాబు చెబుతాడు. ఆ ఓపిక నాకు లేదు. ఉన్నవాళ్ళకు, బండి నడపగలిగినవాళ్ళకు, చీరల కంటే ఇదే మేలని నేనే చెబుతాను. ఒక్క షరతు, కట్టగలిగినవాడికే పాలసీ చేయాలి, మార్చి నెల టార్గెట్ కోసం చేయకూడదు.

మీషోలో ఫొటోలు పంపి అమ్మడం గురించి కూడా అడుగుతారు. చేయొచ్చు, రిటర్నులకు తట్టుకుంటే. చిట్టీ నడపడం వ్యాపారం కాదు, దాన్ని ఇందులో కలపొద్దు.

మొన్న అడిగిన ముగ్గురిలో భూత్పూర్ కోడలు ఒకామె గట్టిగా పట్టుకుంది. ముప్పై వేలూ పెడతానంటే వద్దన్నాను, పదివేలు తీసుకొని గురువారం పొద్దున బస్టాండుకు రమ్మన్నాను. నారాయణపేట బస్సుకు పోదాం. పసుపు చీరలు మాత్రం ఒకటికి మించి తీసుకోనివ్వను.