రోమ్ చివరి ఎనభై ఏళ్లు: హిమాయత్‌నగర్‌లో ఆదివారం తరగతులు

పశ్చిమ రోమన్ సామ్రాజ్య పతనంపై హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న అధ్యయన కేంద్రం ఆదివారాల్లో నిర్వహించిన తెలుగు తరగతులు ఇటీవలే ముగిశాయి. పోటీ పరీక్షల కోచింగ్‌కు పేరుపడ్డ ఈ నగరంలో, ఏ పరీక్షలోనూ మార్కులు తెచ్చిపెట్టని విషయాన్ని ఇంత శ్రద్ధగా తెలుగులో బోధించేవారు ఉండడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారెవరైనా రెండు వేల రూపాయల రుసుముకు వెనుకాడనక్కర్లేదు.

అనాగరిక తెగల దండయాత్రలతో రోమ్ పతనమైందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేసే సంగతిని ఈ తరగతులు రాజాస్థానం లోపలి నుంచి చూపించాయి. 395లో చక్రవర్తి థియోడోసియస్ మరణించి, సామ్రాజ్యం ఆయన ఇద్దరు కొడుకుల పరమైన దగ్గర పాఠం మొదలవుతుంది. పశ్చిమాన ఆయన చిన్న కొడుకు, పదేళ్ల హొనోరియస్ పేరిట అధికారం నడిపిన సేనాని స్టిలికోపై ఆస్థానంలోని ప్రత్యర్థులు చక్రవర్తికి అనుమానం నూరిపోయడం, 408 ఆగస్టులో రావెన్నాలో అతని తల నరికించడం, ఆ వెంటనే ఇటలీ నగరాల్లో రోమ్ తరఫున పోరాడుతున్న అన్యజాతి సైనికుల భార్యాబిడ్డలను ఊచకోత కోయడం, కడుపు మండిన ఆ సైనికులు వేల సంఖ్యలో గోత్ తెగ నాయకుడు అలారిక్ పక్షాన చేరడం, ఇవన్నీ ఒకదాన్నుంచి మరొకటి ఎలా పుట్టుకొచ్చాయో అధ్యాపకులు ఓపికగా వివరించారు. 410 ఆగస్టు 24న అలారిక్ రోమ్‌లో ప్రవేశించి మూడు రోజులు దోచుకున్న ఘట్టం వచ్చేసరికి, ఆ ద్వారాలను ఎవరు తెరిచారన్న ప్రశ్నకన్నా వాటిని కాపాడగలిగినవాణ్ణి ఎవరు చంపారన్న ప్రశ్నే మా అందరి మనసుల్లో నిలిచింది.

అంతకుముందు ముట్టడి ఎత్తివేయడానికి అలారిక్‌కు నగరం చెల్లించిన మూల్యాన్ని అధ్యాపకులు బోర్డు మీద వరుసగా రాశారు: 5,000 పౌండ్ల బంగారం, 30,000 పౌండ్ల వెండి, 4,000 పట్టు అంగీలు, 3,000 ఎర్రరంగు తోళ్లు, 3,000 పౌండ్ల మిరియాలు. మిరియాల దగ్గర ఆగి, మలబారు తీరం నుంచి ఎర్రసముద్రం మీదుగా అలెగ్జాండ్రియాకు సరుకు చేరే దారిని గీసి చూపించారు. ఆ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

మాకిచ్చిన కాగితాల్లో దాచుకోదగినది ఒక పట్టిక. 454లో ఆదాయ లెక్కలు వినిపిస్తున్న సేనాని ఏటియస్‌ను చక్రవర్తి మూడవ వాలెంటీనియన్ తన చేతులతోనే నరికి చంపాడు. మరుసటి మార్చిలో ఏటియస్ అనుచరులు చక్రవర్తినే హతమార్చారు. అక్కడి నుంచి పశ్చిమ సామ్రాజ్యం ముగిసిన 476 వరకు గద్దెనెక్కిన తొమ్మిది మంది పేర్లు, ఒక్కొక్కరిని ఎవరు నిలబెట్టారో, ఎవరు పడదోశారో ఆ పట్టికలో ఉన్నాయి. రెండు గడుల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించే పేరు సేనాని రిసిమర్. సమర్థుడైన మజోరియన్‌ను గద్దెనెక్కించినవాడే 461లో అతణ్ణి చంపించాడని చదివినప్పుడు మనసు కలుక్కుమంది.

నా అసంతృప్తి ఆఫ్రికా విషయంలో. 439లో వాండల్ రాజు గైసెరిక్ కార్తేజ్‌ను ఆక్రమించడంతో పశ్చిమానికి ధాన్యమూ పన్నులూ అందించే సంపన్న భూభాగం చేజారింది. ఖజానా ఎండితే సైన్యానికి జీతాలుండవు, సైన్యం చిక్కిపోతే చక్రవర్తి ఎవరో ఒక సేనాని దయమీద బతకవలసిందే. కుట్రలన్నిటి అడుగున ఉన్న ఈ కారణాన్ని, దాన్ని సరిదిద్దడానికి 468లో బయలుదేరిన మహా నౌకాదళం ఆఫ్రికా తీరంలోని బాన్ అగ్రం (కేప్ బాన్) దగ్గర మంటల్లో చిక్కుకున్న వైనాన్ని హడావిడిగా దాటేశారు. కుట్రల కథనం ఎంత రక్తి కట్టినా, లెక్కల పుస్తకం తెరవకపోతే అది సగం చరిత్రే అవుతుంది. తూర్పు సామ్రాజ్యం ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు కూడా సరైన సమయం దక్కలేదు.

ఇక మామూలు సంగతులు. పటాలు చిన్నవి, వెనక వరుసకు కనిపించవు. వాహనం నిలిపే చోటు దొరకడం కష్టం కాబట్టి నారాయణగూడ మెట్రో స్టేషన్‌లో దిగి రావడం మేలు. తర్వాతి విడతలో ఆఫ్రికాకు ఒక పూర్తి ఆదివారం కేటాయించాలనీ, ఆ ఒక్క తరగతికి పాత విద్యార్థులను కూడా రానివ్వాలనీ నిర్వాహకులను కోరాను.