కనుమ నాడు కదలని కారు

ఎలక్ట్రిక్ కారు కొని రెండున్నరేళ్లయింది, 38,000 కిలోమీటర్లు తిరిగింది. బూట్ ఎంత, స్క్రీన్ ఎంత అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నన్ను పడేసింది ఒక్కటే. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకల్లా బండి సిద్ధం. పాత డీజిల్ కారు ఆ ట్రాఫిక్‌లో లీటరుకు 14 దాటేది కాదు. లీటరు 95 రూపాయల పైమాటే కాబట్టి కిలోమీటరుకు దాదాపు ఏడు రూపాయలు.

కొత్తలో ఆఫీసులో "కిలోమీటరుకు రూపాయే" అని గొప్పలు పోయాను. కరెంటు బిల్లులు వచ్చాక కాస్త తగ్గాను. కారు యూనిట్లు ఏసీ, గీజర్లకు తోడై బిల్లును పై స్లాబులోకి నెట్టాయి, అక్కడ యూనిట్ 9.50. పైగా చార్జింగ్‌లో పదో వంతు వృథా. అసలు లెక్క రూపాయిన్నర. అదే దారిలో తిరిగే కొలీగ్ హైబ్రిడ్‌కి (పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీ మోటారు రెండూ ఉండే కారు) పెట్రోల్ ఐదు రూపాయల దాకా అవుతోంది, కాబట్టి ఇప్పటికీ నాదే పైచేయి.

మెయింటెనెన్స్ సున్నా అని కూడా అనేవాడిని, మొన్న సంక్రాంతి దాకా.

కోదాడ దగ్గర మా అత్తగారి ఊళ్లో మూడు రోజులు బండి తీయలేదు. కనుమ పొద్దున బయల్దేరబోతే రిమోట్ పలకలేదు. తాళంచెవితో తలుపు తీస్తే స్క్రీన్ నల్లగా ఉంది. ఫోన్ యాప్‌లో చూస్తే చార్జింగ్ 67 శాతం! హెల్ప్‌లైన్‌కి చేస్తే, పోయింది పెద్ద బ్యాటరీ కాదు, బానెట్ కింద ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ అన్నారు. అది లేవకపోతే పెద్దది కనెక్టే కాదట. మనిషి రావడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు.

"కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా బావా, నీ కారుకి సంప్రదాయం తెలుసు" అని బామ్మర్ది నవ్వుతూ వెళ్లి ట్రాక్టర్ తెచ్చాడు. ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టే దాని బ్యాటరీకి జంపర్ వైర్లు తగిలించాం. రెండు నిమిషాల్లో స్క్రీన్ వెలిగింది. వీధంతా చూస్తుండగా డీజిల్ బండి వచ్చి నా కారుని నిద్ర లేపింది!

చిన్న బ్యాటరీకి 5,500 అయింది. ఎనిమిదేళ్ల వారంటీ పెద్దదానికేనట.

హైవే లెక్క వేరు. విజయవాడ వెళ్లేటప్పుడు సూర్యాపేటలో ఫాస్ట్ చార్జర్‌కి జీఎస్టీతో యూనిట్ 24 కట్టాను. వంద స్పీడులో యూనిట్‌కి ఐదున్నర కిలోమీటర్లే వస్తాయి. అంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల నలభై పైసలు. లీటరుకు ఇరవై ఇచ్చే డీజిల్‌కి పావలా, అర్ధా తేడా అంతే, పైన నలభై నిమిషాల పడిగాపులు.

సొంతిల్లు, గేటు లోపల 15 ఆంప్స్ ప్లగ్, రోజూ ఒకటే రూటు కాబట్టి నాకు గిట్టుబాటైంది. మా తమ్ముడు ఉండేది అపార్ట్‌మెంట్‌లో, సెల్లార్‌లో పాయింట్ లేదు, నెలలో సగం రోజులు ఖమ్మం, వరంగల్ టూర్లే. డీజిల్ కారు అమ్మేయమంటావా అన్నయ్యా అని అడిగితే, ఇంకో రెండేళ్లు ఉంచుకోమన్నాను.