అందరికీ ఒకే భాషా, ఎవరి భాష వాళ్లకా: ఆటలో ఏది మేలు?

మాది టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర కట్టి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట, కథ చెప్పే గేమ్ మాస్టర్‌ని నేను. మా శనివారం ఆటలో భాషల గొడవ ఒక కాగితంతో మొదలైంది. కథలో ఒక పాత కోటలో ఆటగాళ్లకు ఒక ఉత్తరం దొరకాలి, దాన్ని నేనే చదివి వినిపిస్తే మజా ఏముంటుందని తెలుగులో చేత్తో రాసి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి, అంచులు కాస్త కాల్చి మరీ తెచ్చాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడి చేతిలో పెట్టాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అన్నా, నాకు తెలుగు చదవడం రాదు కదా" అన్నాడు. వాడు పెరిగింది బెంగళూరులో, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మిగతావాళ్లు నవ్వుతుండగానే వాడు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు, ఎందుకంటే కన్నడ అక్షరాలు వచ్చినవాడికి మన అక్షరాల్లో సగానికి పైగా చుట్టాల్లా కనబడతాయి. త దగ్గర ఆగాడు, శ దగ్గర ఆగాడు, మొత్తానికి పది నిమిషాల్లో ఉత్తరం అయింది. అసలు ఆటకంటే ఆ పది నిమిషాలే బాగున్నాయి.

మాట పూర్తిగా వచ్చు, రాత రాదు, పక్క భాష లిపి తెలుసు కాబట్టి సగం సగం వచ్చు. మరి మన క్యారెక్టర్ షీట్‌లో (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) ఉన్న భాషల గడిలో ఇది ఎక్కడ రాయాలి? అక్కడ "డ్వార్విష్" (డ్వార్ఫులనే మరుగుజ్జుల భాష) అని ఒక్క ముక్క ఉంటుంది, ఉంటే అంతా వచ్చినట్టు, లేకపోతే ఏమీ రానట్టు. అప్పటినుంచి వేరే ఆటల్లో దీన్ని ఎలా చేశారో చూస్తూ, కొన్ని మా టేబుల్ మీద ఆడించి చూశాను. ఏది నిలబడింది, ఏది రెండో వారానికే మూలపడింది అన్నది చెబుతాను.

ముందు అందరికీ తెలిసినదే చూద్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆట 2014 పుస్తకంలో ఎనిమిది మామూలు భాషలు, ఎనిమిది అరుదైనవి, మొత్తం 16. కానీ ప్రతి హీరోకీ కామన్ అనే ఉమ్మడి భాష వచ్చు, ఊళ్లో ప్రతి సత్రం యజమానికీ వచ్చు, ఆఖరికి దారి కాచే గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడికి కూడా గేమ్ మాస్టర్ మొహమాటానికి కామన్ నేర్పేస్తాడు. 2024 పుస్తకంలోనూ కామన్ అందరికీ ఉంది, దానితో పాటు ఇంకో రెండు ఎంచుకోవచ్చు. దీన్ని వెక్కిరించడం తేలిక, కానీ దీనివల్ల ఉన్న మేలు చిన్నది కాదు. ఐదుగురు కూర్చున్న టేబుల్ దగ్గర ఎదుటివాడి భాష ఒక్కడికే వస్తే ఆ ఒక్కడే మాట్లాడతాడు, మిగిలిన నలుగురూ ఫోన్లు తీస్తారు. నేను కామన్ పూర్తిగా తీసేసి ఒక క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) నడిపాను, మూడో వారానికే ఒకమ్మాయి "నేను వచ్చేది కూర్చోడానికా?" అని అడిగేసింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ పూట ఎల్ఫుల సభలో గంటన్నర సేపు తన క్యారెక్టర్ చేసిందల్లా తల ఊపడమే.

దీనికి పూర్తిగా ఎదురు కొస గర్ప్స్ అనే ఆట. 2004లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో ప్రతి కొత్త భాషా, పాత్రను తయారుచేసుకోడానికి ఇచ్చే పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి, మాట వేరుగా, రాత వేరుగా. ముక్కలు ముక్కలుగా వస్తే ఒక పాయింటు, యాసతో వస్తే రెండు, పుట్టినవాడిలా వస్తే మూడు. రాతకూ అదే లెక్క, అంటే ఒక పరాయి భాష మాటా రాతా ధారాళంగా రావాలంటే ఆరు. మా బెంగళూరు కుర్రాడి తెలుగును ఉన్నది ఉన్నట్టు రాసుకోగలిగిన రూల్ నాకు ఇదొక్కటే కనబడింది: మాట మూడు, రాత ఒకటి. చిక్కల్లా ఎక్కడంటే, అవే ఆరు పాయింట్లతో కత్తిసాము మెరుగవుతుంది, వేగం కాస్త పెరుగుతుంది, ఇంకేదో వస్తుంది. ఆటగాడు భాష కొంటే ఆ భాష కథలో వచ్చి తీరాలి, రాకపోతే పాపం వాడి పాయింట్లు గంగపాలు. కాబట్టి ఈ రూల్ తీసుకునేవాళ్లు మొదటి రోజే ఒక కాగితం మీద "ఈ క్యాంపెయిన్‌లో వినబడే భాషలు ఇవి" అని రాసి అందరికీ చూపించాలి. అది దాచిపెట్టడంలో రహస్యం ఏమీ లేదు, అన్యాయం మాత్రం ఉంది.

మధ్యలో శాతాల పద్ధతి ఉంది. రూన్‌క్వెస్ట్, కాల్ ఆఫ్ కథూలూ లాంటి ఆటల్లో భాష కూడా ఒక నైపుణ్యమే, 35 శాతం వచ్చు, 60 శాతం వచ్చు అంటారు. చదవడానికి బాగుంటుంది. ఆడేటప్పుడు మాత్రం సంతలో కొత్తిమీర బేరానికి పాచిక వెయ్యాలా వద్దా అని ప్రతిసారీ ఒకటే తర్జనభర్జన. పాత పుస్తకం, శాసనం లాంటివి ఒక్కసారి చదివి తేల్చేవాటికి సరే, సంభాషణకి వద్దు.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది, పేరున్న పద్ధతి కూడా కాదు: భాషల గళ్లు ఖాళీగా వదిలేయడం. ఆటలో కొత్త భాష ఎదురైనప్పుడు ఎవరైనా "నాకు వచ్చు" అనొచ్చు, అన్నవాళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర, ఎందుకు నేర్చుకున్నారో అక్కడికక్కడ చెప్పాలి, గడి నిండిపోతుంది. మొన్నామధ్య మా దొంగ క్యారెక్టర్ గాబ్లిన్ భాష వచ్చంది. ఎలా అంటే, ఎనిమిది నెలలు ఒకే జైలుగదిలో గాబ్లిన్‌తో ఉందట. ఆ గాబ్లిన్ ఇప్పుడు ఎక్కడుంది అన్న ప్రశ్న మాకు నాలుగు వారాల కథ ఇచ్చింది. 2014 పుస్తకంలో ఆట మధ్యలో భాష నేర్చుకోవాలంటే 250 రోజులు, రోజుకో బంగారు నాణెం చొప్పున పెట్టాలి. నా టేబుల్ దగ్గర ఇంతవరకు అది పూర్తి చేసినవాళ్లు లేరు. లోకాన్ని రక్షించే పనిలో ఉన్నవాళ్లకి ట్యూషన్‌కి ఎనిమిది నెలలు తీరిక ఎక్కడిది?

ఇక చదువు సంగతి. ఇక్కడే నాకు కోపం.

1981 నాటి డీ అండ్ డీ బేసిక్ పుస్తకంలో చదవడం రాయడం తెలివితేటల అంకెతో ముడిపెట్టారు. ఇంటెలిజెన్స్ 5, అంతకు తక్కువైతే చదవడం రాయడం రాదు. 6 నుంచి 8 దాకా చిన్న చిన్న మాటలు రాయగలరు. ఆ అంకెకి మూడు పాచికలు వేస్తారు కదా, 5 గానీ అంతకు తక్కువ గానీ పడే అవకాశం ఎంతో లెక్క కట్టండి, 216లో 10, అంటే నూటికి ఐదుగురు కూడా కారు. కత్తులూ కోటలూ ఉన్న లోకంలో నూటికి తొంభై అయిదు మందికి అక్షరాలు వచ్చట! అంతకంటే నాకు మింగుడు పడనిది, చదువు రాకపోతే బుర్ర లేనట్టే అనే లెక్క. మా నానమ్మ బ్యాంకులో వేలిముద్ర వేసేది, కానీ పాలవాడి నెల లెక్క, ముగ్గురు కౌలుదారుల బాకీలు, ఎవరి పెళ్లికి ఎవరు ఎంత చదివించారో, అన్నీ నోటికే ఉండేవి, ఒక్క రూపాయి తేడా రాదు. ఆవిడకి ఇంటెలిజెన్స్ 5 అని వెయ్యమంటే నా చెయ్యి రాదు.

2000లో వచ్చిన డీ అండ్ డీ మూడో ఎడిషన్ ఇంకో రకం. అందరికీ చదువు వచ్చు, బార్బేరియన్ అనే ఆటవిక యోధుడికి తప్ప. వాడు రెండు స్కిల్ పాయింట్లు పెడితే అక్షరాలు వస్తాయి. అదే అడవిలో, అదే గుడిసెలో పుట్టిన తమ్ముడు రేంజర్ (అడవి వేటగాడు) అయితే వాడికి పుట్టుకతోనే వచ్చేసినట్టు! వార్‌హామర్ ఫాంటసీ అనే ఆట వాళ్లది వీటన్నిటికంటే నయం. అక్కడ చదవడం రాయడం అనేది విడిగా సంపాదించుకోవాల్సిన విద్య, మామూలు జనానికి ఉండదు, గుమాస్తాకీ పూజారికీ మంత్రగాడికీ ఉంటుంది. దాంతో ఊళ్లో పత్రం చదివిపెట్టే మనిషికి ఒక విలువ వస్తుంది. కరణం చేతిలో ఊరు ఎందుకు ఉండేదో మన పల్లెల్లో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. హీరోల జట్టులో ఒక్కడికే చదువు వస్తే వాడు చదివింది నిజమో, తనకు కావలసింది కలిపి చదివాడో మిగతావాళ్లకి ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క అనుమానం చాలు, రెండు సెషన్లు గడిచిపోతాయి.

లిపి సంగతి చాలామంది పట్టించుకోరు గానీ డీ అండ్ డీ పుస్తకంలోనే ఉంది. 2014 పట్టికలో 16 భాషలకు ఆరే లిపులు. డ్వార్ఫుల లిపి ఒక్కటే డ్వార్విష్, జయంట్, నోమిష్, గాబ్లిన్, ఆర్క్, ప్రైమోర్డియల్, ఈ ఆరింటికీ సరిపోతుంది. మా టేబుల్ మీద జరిగింది చెబుతాను. డ్వార్ఫుల సమాధి ముందు రాతి మీద ఒక వాక్యం ఉంది. మా డ్వార్ఫ్‌కి (ఆడేది ఆ బెంగళూరు కుర్రాడే, కావాలని అలా పెట్టుకున్నాడు) భాష వచ్చు, చదవడం రాదు. ఇంకొకడి పాత్ర హాఫ్ ఆర్క్ (సగం మనిషి, సగం ఆర్క్ అనే రాక్షస జాతి), వాడికి డ్వార్ఫుల భాష రాదు, కానీ ఆర్క్ రాసే అక్షరాలు అవే కాబట్టి పలకగలడు. అర్థం తెలియకుండా వీడు చదవాలి, విని వాడు చెప్పాలి. డ్వార్ఫ్ భాషకి బదులు మేం తెలుగు వాడుకుంటాం, అక్షరాలు నేను తయారుచేసిన గీతలు. మన పాత శాసనాల్లో ఎ, ఏ తేడా చూపకుండా రాసిన రాతలు ఉన్నాయి కదా, అదే కిటుకు ఇక్కడ పెట్టాను, నా గీతల్లో దీర్ఘం గుర్తు లేదు.

హాఫ్ ఆర్క్ గొంతు సవరించుకుని చదివాడు: "తాళంచెవి మేడలో ఉంది."

అంతే, నలుగురూ పైకి పరుగు. మూడు అంతస్తులు ఎక్కారు, దీపం నూనె అయిపోయింది, పైన ఉన్న గూల్స్ అనే పిశాచాల చేతిలో పూజారి చచ్చి బతికాడు. గంటన్నర తర్వాత, నెత్తురోడుతూ కిందికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాక, డ్వార్ఫ్ తలెత్తి గుమ్మం పక్కన ఉన్న రాజు విగ్రహాన్ని చూశాడు. మెడలో గొలుసు. గొలుసుకి తాళంచెవి. "మేడ కాదురా, మెడ!" అని వాడు అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టారు.

ఇంత చేశాక మంత్రగాడు లేచి కాంప్రిహెండ్ లాంగ్వేజెస్ (ఏ భాషైనా అర్థమయ్యే మంత్రం) వేస్తానంటే ఏం చెయ్యాలి? అది మొదటి లెవెల్ మంత్రం, రిచువల్‌గా (నిదానంగా, తంతులా) వేస్తే మంత్రాల కోటాలోంచి ఒక్కటి కూడా పోదు, గంటసేపు ఉంటుంది. చాలామంది గేమ్ మాస్టర్లు దాన్ని తీసేస్తారు. నేను తియ్యను, అందులోని షరతులు గట్టిగా పాటిస్తాను. రాత ఉన్న చోటు చేత్తో తాకాలి, పేజీకి ఒక నిమిషం పడుతుంది, అర్థమవుతుంది గానీ ఆ భాషలో తిరిగి మాట్లాడలేరు. కాబట్టి ముఖ్యమైన రాత నూతి అడుగున ఉంటుంది, లేదా కాపలావాడి కవచం మీద ఉంటుంది.

నేను ఇప్పుడు ఆడిస్తున్నది ఇది. కామన్ ఉంది, కానీ అది సంత భాష. హైదరాబాద్‌లో ఆటో బేరానికి సరిపోయే హిందీ అందరికీ వచ్చు, దానితో పిల్ల సంబంధం మాట్లాడుకోగలమా? అలాగే కామన్‌లో దారి అడగొచ్చు, తిండి కొనొచ్చు, బెదిరించొచ్చు. నమ్మించడం, ఓదార్చడం, అబద్ధం అతికినట్టు చెప్పడం అయితే డిసడ్వాంటేజ్, రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. అవతలివాడి సొంత భాషలో మాట్లాడితే అది ఉండదు. దీంతో ఎవరూ నోరు మూసుకుని కూర్చోరు, భాష నేర్చుకున్నవాడికి ఫలితమూ దక్కుతుంది. లోకం మొత్తానికి నాలుగు భాషలు, రెండు లిపులు, అంతకు మించి పెడితే నాకే గుర్తుండవు. చదువుకి మూడు మెట్లు: రాదు, కూడబలుక్కుంటాడు, ధారాళం. ఎవరు ఏ మెట్టు అన్నది పాచిక కాదు, ఆటగాడు చెప్పే చిన్ననాటి కథ తేలుస్తుంది. కూడబలుక్కునేవాడు చదివితే ఒక పాచిక వేస్తాను, ఒకటో రెండో పడితే ఒక మాట తప్పు పోతుంది, ఏ మాటో చెప్పను.

ఒక్క రాత్రితో ముగిసే ఆటైతే ఇవేవీ వద్దు, అందరికీ కామన్ ఇచ్చేసి కానివ్వండి. నాలుగైదు నెలలు నడిచేదైతే, ముందు ఖాళీ గళ్లు, సంత భాష, ఈ రెండూ పెట్టి చూడండి. లిపి గొడవ మాత్రం చేత్తో కాగితాలు రాసే ఓపిక ఉంటేనే. నా దగ్గర టీ మరకల కాగితాలు ఇంకో పది సిద్ధంగా ఉన్నాయి, మా ఆవిడ వాటిని ఒకసారి చెత్తబుట్టలో వేసేసింది, మళ్లీ తీసి పెట్టుకున్నాను.