సెకండ్‌హ్యాండ్ సిస్కో రౌటర్ కొంటున్నారా? పైసలిచ్చే ముందు ఒక్క లైను చూసుకోండి

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్లలో కాలేజీలకు, కేబుల్ నెట్ ఆఫీసులకు, రైస్‌మిల్లులకు హైదరాబాద్ నుంచి పాత 1941, 2901 రౌటర్లు తెస్తున్న అన్నలందరికీ హెచ్చరిక. పాత పాస్‌వర్డ్ తీసేశాక కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను (రౌటర్ ఎట్ల లేవాలో చెప్పే సెట్టింగ్ నంబర్‌ను) సరిచేయకుండానే కొందరు అమ్ముతున్నారు. కొన్న రోజు అంతా బాగుంటది. ఐపీలు ఇస్తారు, సేవ్ చేస్తారు, నెట్ నడుస్తది. మొదటిసారి కరెంటు పోయి రాగానే రౌటర్ ఖాళీగా లేస్తది, ఆఫీసంతా ఆగం. యూపీఎస్ ఉన్నచోట నెలల దాకా బయటపడదు, అప్పటికి దుకాణం వారంటీ అయిపోతది.

పాస్‌వర్డ్ దాటడానికి కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను 0ఎక్స్2142 చేస్తారు. అది అట్లనే ఉంటే రౌటర్ లేచేటప్పుడు స్టార్టప్ కాన్ఫిగ్‌ను, అంటే మీరు సేవ్ చేసిన సెట్టింగుల ఫైలును, చదవదు. మామూలుగా 0ఎక్స్2102 ఉండాలె. ఎన్వీర్యామ్ (ఆ ఫైలు ఉండే మెమరీ) పోయిందని రిపేరుకు పైసలు పెట్టకండి, మీ ఫైలు అందులో భద్రంగానే ఉంటది.

దుకాణానికి ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్ (రౌటర్ కన్సోల్ పోర్టును ల్యాప్‌టాప్‌కు కలిపే వైరు) పట్టుకెళ్లండి. స్పీడు 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. ‘షో వెర్షన్’ కొడితే రిజిస్టర్ విలువ చివరి లైనులో కనబడతది.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఖాళీగా లేచిన రౌటర్‌లో పొరపాటున కూడా ‘రైట్’ కొట్టొద్దు, ఖాళీ కాన్ఫిగ్ మీ అసలు ఫైలు మీద పడి అది తుడిచిపెట్టుకుపోతది. సెటప్ ప్రశ్నకు ‘నో’ చెప్పి, ‘ఎనేబుల్’ కొట్టి అడ్మిన్ మోడ్‌లోకి వెళ్లి, ‘కాపీ స్టార్టప్-కాన్ఫిగ్ రన్నింగ్-కాన్ఫిగ్’ ఇవ్వండి. పోర్టులు షట్‌డౌన్‌లోనే ఉంటాయి, వాడే ప్రతిదానికీ ‘నో షట్‌డౌన్’ కొట్టాలె. చాలామంది ఇక్కడే ఆగిపోతరు. తర్వాత ‘కాన్ఫిగ్-రిజిస్టర్ 0ఎక్స్2102’, అప్పుడు సేవ్, ఆఖర్న రీలోడ్.

పాత 2960 స్విచ్‌లతో ఇంకో తిప్పలుంది. ‘రైట్ ఎరేజ్’ కొట్టినా వీల్యాన్ (ఒకే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) లిస్టు, వీటీపీ (ఆ లిస్టును స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) వివరాలు ఫ్లాష్‌లోని వీల్యాన్.డ్యాట్ ఫైలులో ఉండిపోతాయి. దాని వీటీపీ డొమైన్ (స్విచ్‌ల గుంపు పేరు) మీదాంతో కలిసినా, మీ స్విచ్‌లకు డొమైన్ పేరే లేకపోయినా, రివిజన్ నంబర్ (లిస్టు మారినకొద్దీ పెరిగే లెక్క) మీదానికంటే పెద్దగా ఉన్న ఆ స్విచ్ ట్రంక్ (వీల్యాన్లన్నింటినీ మోసే లింకు) మీద తగిలిందంటే మీ వీల్యాన్లు ఎగిరిపోతాయి. ఆ ఫైలును కూడా డిలీట్ చేసి, రీలోడ్ అయ్యాక ‘షో వీటీపీ స్టేటస్’లో రివిజన్ 0 చూసుకున్నాకే అప్‌లింక్ పెట్టండి.

దుకాణంలోనే హోస్ట్‌నేమ్ మార్చి, సేవ్ చేసి, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టించండి. పెట్టిన పేరు మిగలకపోయినా, కన్సోల్ పెట్టనియ్యకపోయినా ఆ పెట్టె కొనకండి.