పాంగ్విచ్‌లో రెండు రాత్రులు: గది బాగుంది, రేటు సంగతి ఇదీ

సెప్టెంబర్ చివర్లో అమ్మానాన్నలను తీసుకుని లాస్ వేగస్ నుంచి బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్ళాం. పార్కు గేటు దగ్గర గదులు దొరకలేదు. 24 మైళ్ళ ఇవతల పాంగ్విచ్ అనే ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద ఒక పాత మోటెల్‌లో దిగాం. యూటా రాష్ట్రం, గార్ఫీల్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది).

గది చిన్నదే, కానీ శుభ్రం. దుప్పట్లు ఉతికిన వాసన వేస్తున్నాయి, బాత్రూమ్‌లో ఒక్క మరక లేదు. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. అమ్మ రైస్ కుక్కర్ పెట్టింది. ఊరు 6,600 అడుగుల ఎత్తున ఉంది కదా, మొదటి పూట అన్నం పలుకుగా ఉండిపోయింది. మర్నాడు ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తే సరిపోయింది. హీటర్ మాత్రం రాత్రంతా మోత. నాన్నకి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నాకు మింగుడు పడనిది రేటు. మార్చిలో చూసిన దానికి దాదాపు రెట్టింపు. ఆ మాటే కౌంటర్ దగ్గర ఓనరమ్మతో అన్నాను. నాన్న కర్నూలు జిల్లాలో మండల సర్వేయర్‌గా రిటైరయ్యారు. ఆయన మధ్యలో కల్పించుకుని, "ఈ జిల్లాలో పట్టా భూమి ఎంతుంటుందో అడుగు" అన్నారు. అడిగాను. ఆవిడ కౌంటర్ కింద నుంచి మడతలు నలిగిన మ్యాప్ తీసి పరిచింది.

మ్యాపంతా పసుపు, ఆకుపచ్చ. పసుపు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌ది, ఆకుపచ్చ నేషనల్ ఫారెస్ట్, ఊదా రంగు నేషనల్ పార్కులది. సొంత భూములకు తెలుపు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని తెలుపు కోసం వెతికారు. సెవియర్ నది వెంట సన్నటి పట్టీ, ట్రాపిక్, ఎస్కలాంటి ఊళ్ళ చుట్టూ చిన్న చిన్న ముక్కలు. "ఇంతేనా?" అన్నారు. కౌంటీలో వందకు దాదాపు తొంభై పాళ్ళు ఫెడరల్ ప్రభుత్వానిదే. నల్లమల పక్క ఊళ్ళలో అటవీ హద్దురాళ్ళ దగ్గర కొలతలు వేసిన మనిషి కాబట్టి ఆయనకు వెంటనే అర్థమైంది.

రేటు సంగతి ఇక్కడే మొదలవుతుంది: ఆ భూమి మీద కౌంటీకి ఆస్తి పన్ను రాదు. 1976 చట్టం ప్రకారం దానికి బదులుగా ఫెడరల్ ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తుంది, కానీ ఆ సొమ్ముకి వాషింగ్టన్‌లో బడ్జెట్ పాస్ కావాలి. కౌంటీ జనాభా ఐదు వేల చిల్లర. పార్కుకి ఏటా 20 లక్షల మందికి పైగా వస్తారు. చుట్టుపక్కల లోయల్లో ఎవరైనా దారి తప్పితే వెతకడానికి కౌంటీ షెరిఫ్ (పోలీసు అధికారి) మనుషులు వెళ్ళాలి. మన బిల్లులో కనిపించే గది పన్ను ఇలాంటి ఖర్చులకూ వాడుకోవచ్చట. ఇళ్ళు కట్టడానికి జాగా తక్కువ, అందుకే పనివాళ్ళకి అద్దె ఇల్లు దొరకడం కష్టం. మా గది శుభ్రం చేసిన అమ్మాయి కూడా వేసవి వీసా మీద వచ్చిన స్టూడెంటే. మంచు మొదలైతే గదులు ఖాళీ. ఆరు నెలల సంపాదనతో ఏడాదంతా నడపాలి.

2013 అక్టోబర్‌లో బడ్జెట్ పాస్ కాక ఫెడరల్ ప్రభుత్వం మూతపడి పార్కు గేట్లు వేసేశారు. పది రోజులకు యూటా రాష్ట్రమే 16 లక్షల డాలర్లకు పైగా కట్టి తన నేల మీదున్న నేషనల్ పార్కులన్నీ తెరిపించుకుంది. ఆ పది రోజుల క్యాన్సిలేషన్ల గురించి చెబుతుంటే ఆవిడ గొంతు మారిపోయింది. ఆ భూమి అమ్మేయాలని మాత్రం ఆవిడ అనలేదు, నేనూ అనను. అంత అందమైన లోయ ఎవరి ప్రైవేటు ఆస్తో అయి ఉంటే మేం అక్కడ నిలబడేవాళ్ళమే కాదు. కానీ ఒక ఊరి ఇంటి ఖర్చు రెండు వేల మైళ్ళ అవతల జరిగే ఓటింగ్ మీద ఆధారపడటం అన్యాయమే అనిపించింది.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది హీటర్ వల్ల, రేటు వల్ల కాదు. వెళ్ళేవాళ్ళు వెనక వరుస గది అడగండి, ముందు వైపు హైవే 89 లారీల శబ్దం ఉంటుంది. యాప్‌లో కాకుండా నేరుగా ఫోన్ చేసి బుక్ చేసుకోండి, కమీషన్ ఆవిడకే మిగులుతుంది. కూరగాయలు, పెరుగు దారిలో సీడార్ సిటీలోనే కొనుక్కోండి. బ్రైస్‌లో కారు షటిల్ స్టేషన్ దగ్గర ఆపేసి బస్సెక్కండి, పార్కు టికెట్ ఉంటే దానికి వేరే డబ్బులు అక్కర్లేదు.